ముదురు రంగు గోడలపై లేత రంగు వేసే ముందు

పడకగది గోడ ముదురు ఎరుపో, నీలమో అయితే లేత రంగు డబ్బా తెచ్చి నేరుగా పూసేయకండి. రెండు మూడు కోట్లు వేసినా కింది రంగు తొంగిచూడొచ్చు.

• గోడకు చెమ్మ ఉంటే పని వాయిదా. కారణం సరిచేసి, గోడ పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి.

• పాత రంగు ఏ రకమో తేల్చుకోండి. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఓ మూల రుద్దండి. దూదికి రంగు అంటితే ఎమల్షన్ (నీటి ఆధారిత రంగు) అనుకోవచ్చు. అంటకపోతే ఆయిల్ పెయింట్ అయ్యుండొచ్చు. అలాగైతే, కింద చెప్పిన సీసం సంగతి తేల్చుకున్నాకే, మెరుపు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దాలి, లేదంటే కొత్త పొర పెచ్చులుగా ఊడొస్తుంది.

• బాగా పాత ఇళ్ల రంగుల్లో విషపూరితమైన సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా గీకొద్దు, రుద్దొద్దు.

• ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. మరకలను ఆపే తెల్ల ప్రైమర్ తీసుకోండి. ముందు చేతిరుమాలంత జాగాలో వేసి, ఆరాక పైన లేత రంగు పూసి, పగటి వెలుగులోనూ లైటు కిందా చూడండి. ఎర్ర గోడ మీద గులాబీ ఛాయ తేలుతోందా? ఇంకో కోటు ప్రైమర్ తప్పదు.

• స్విచ్ బోర్డుల కవర్లు తీసే ముందు మెయిన్ ఆఫ్ చేయండి.

• రంగు డబ్బాలన్నీ ఒకే బ్యాచ్‌వి కాకపోతే, ఛాయలో తేడా రాకుండా పెద్ద బకెట్‌లో కలిపేసుకోండి.

• కిటికీలు తెరిచే ఉంచండి. వాసన పోయేదాకా పడక వేరే గదిలోనే.