పట్టేసిన గొంతు మళ్లీ ఎలా పలికిందంటే

పిల్లలకు సంగీతం నేర్పడం నా వృత్తి. ఆమధ్య సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోయేది. పై షడ్జం, అంటే పై స్థాయి 'స', అందుకోబోతే గాలి తప్ప స్వరం వచ్చేది కాదు. ఈఎన్‌టీ డాక్టర్ స్ట్రోబోస్కోపీ (స్వరతంతువుల కదలికను కెమెరాతో చూసే పరీక్ష) చేసి, స్వరతంతువుల అంచున రెండు వైపులా ఉన్న చిన్న బుడిపెలు చూపించారు. నాడ్యూల్స్. ముందు వాయిస్ థెరపీ చేయించుకోమన్నారు.

నా అదృష్టం, ఆ స్పీచ్ థెరపిస్ట్ కూడా కర్ణాటక సంగీతం పాడతారు. "ఆకారంలో పట్టేస్తోందా అమ్మా, ఈకారంలోనా?" అని ఆవిడ అడగగానే నాకు సగం టెన్షన్ పోయింది.

బాగా పనిచేసింది స్ట్రా. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొసను రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అని శ్రుతిలో పలుకుతూ ఊదాలి. బుడగలు సమంగా రావాలి, పెదవులు జివ్వుమనాలి. నోటి దగ్గర ఆ కాస్త అడ్డు వల్ల వెనక్కి తగిలే ఒత్తిడి, స్వరతంతువులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా చూస్తుంది. అది కుదిరాక మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే సంగీతంలో తొలి పాఠాలు, స్ట్రాలోనే పాడించారు, నోరు తెరిచి పాడటం ఆ తర్వాతే. మెడ కాస్త బిగిసినా బుడగలు తడబడతాయి. అంతకంటే మంచి గురువు ఏముంటుంది!

పాఠానికి చిన్న మైకు పెట్టుకున్నాను. గుసగుసలు మానేశాను, అవీ గొంతుకు శ్రమే. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఓ గుక్క నీళ్లు తాగుతాను. మళ్లీ పరీక్ష చేస్తే బుడిపెలు బాగా తగ్గాయి, పై షడ్జం నిలబడుతోంది.

బొంగురు మూడు నాలుగు వారాలైనా తగ్గకపోతే, స్ట్రా పట్టుకునేముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. కారణం అందరికీ నాడ్యూల్సే కానక్కర్లేదు.