చలికాలపు పండ్ల సలాడ్: ఎక్కడ తేడా కొడుతోంది?

ఆకులు, పండ్లు, బాదం, వాల్‌నట్ లాంటివి కలిపి చేసే సలాడ్ చూడ్డానికి చాలా సులువు. అది చెడిందంటే మాత్రం ముందు తడినే అనుమానించాలి.

గిన్నె అడుగున నీళ్లు, పైన వాడిన ఆకులు

కడిగిన ఆకులు సరిగ్గా ఆరకపోతే నూనె వాటికి పట్టదు, జారి అడుక్కి చేరుతుంది. పైన రుచి తగలడం లేదని మనం ఇంకో రెండు చెంచాల డ్రెస్సింగ్ (నూనె, పులుపు, ఉప్పు కలిపిన ద్రవం) పోస్తాం. దాంతో అడుగున మడుగే. రెండో కారణం ఉప్పు. ఉప్పయినా పంచదారయినా కోసిన ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది.

ఆకుల్ని చిల్లుల గిన్నెలో వడకట్టి, పొడి బట్ట మీద పరిచి, పైన ఇంకో బట్టతో మెల్లగా అద్దండి. ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుంటే చెమ్మ తగలకూడదు. కమలా తొనలు, దానిమ్మ గింజలు కాసేపు జల్లెడలో ఉంచండి. కారిన రసం పారబోయొద్దు, ఆ మేరకు నిమ్మరసం తగ్గించి డ్రెస్సింగ్‌లో కలిపేయొచ్చు. డ్రెస్సింగ్ సరిగ్గా వడ్డించబోయే ముందు మాత్రమే పడాలి. ఇప్పటికే నీళ్లు ఊరాయా? ఒంపేసి, ఉప్పు, పులుపు మళ్లీ చూసి, గుప్పెడు పొడి ఆకులు కలపండి. మునుపటిలా కాదు గానీ తినేలా ఉంటుంది.

ఆకు నమలలేనంత గట్టిగా ఉంది

కేల్ (క్యాబేజీ జాతి గట్టి ఆకుకూర), క్యాబేజీల దగ్గర పైన చెప్పింది తిరగబడుతుంది. వాటికి ఉప్పు ముందే కావాలి. ఈనెలు తీసి సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె వేసి రెండు మూడు నిమిషాలు చేత్తో పిసకండి. కేల్ రంగు ముదిరి, కుప్ప సగమైనట్టు కనిపిస్తే చాలు.

వాల్‌నట్ చేదుగా ఉంది

చేదు రెండు రకాలు. నాలుక మీద వగరుగా పట్టుకుంటే అది పైపొరలోని టానిన్లనే వగరు పదార్థాల వల్ల. ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు, లేదా మూకుడులో సన్నసెగ మీద దోరగా వేయించి, వేడిగా ఉండగానే బట్టలో వేసి నలపండి. పొట్టు చాలావరకు రాలిపోతుంది. అలా కాక పాత నూనె వాసన, గొంతులో గీరుకున్నట్టు ఉంటే అవి ముక్కిపోయినట్టే. వాల్‌నట్‌లోని కొవ్వు గాలి తగిలితే తొందరగా చెడే రకం. వేయించినా ఆ వాసన పోదు, పారేయడమే. ఈసారి గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

వేయించిన బాదం, వాల్‌నట్ కరకరలాడటం లేదు

వేడి తగ్గకముందే మూత పెట్టారు, లేదా ముందే కలిపేశారు. పూర్తిగా చల్లారనిచ్చి ఆఖర్న చల్లండి. వేడివేడిగా వేస్తే ఆకులూ వాడిపోతాయి.

ఆపిల్, పియర్ ముక్కలు నల్లబడ్డాయి

కోసిన చోట పండులోని ఎంజైమ్‌కు గాలి తగిలి రంగు మారుతుంది. నిమ్మరసం పట్టించండి. అంత పులుపు వద్దనుకుంటే కప్పు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కరిగించి పది నిమిషాలు నానబెట్టి, కడిగి, తుడవండి. నా మటుకు ఆపిల్ ఆఖర్న కోసుకోవడమే మేలు.

అన్నీ ఉన్నా రుచి లేదు

పండ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవెంటనే వేసినట్టున్నారు. చల్లదనంలో తీపి, సువాసన సరిగ్గా తెలియవు. అరగంట బయట పెట్టండి. అప్పటికీ చప్పగా ఉంటే చిటికెడు ఉప్పు వేసి చూడండి, తేనె జోలికి తర్వాత వెళ్లొచ్చు.

డ్రెస్సింగ్ విడిపోతోంది

మూడు వంతుల నూనెకు ఒక వంతు పులుపు, అర చెంచా ఆవాల ముద్ద. మూత బిగించిన సీసాలో గట్టిగా కుదపండి. కాసేపటికి మళ్లీ విడిపోతే మళ్లీ కుదపడమే.

సలాడ్ మొత్తం ఎర్రబడింది

బీట్‌రూట్ పని. దాన్ని విడిగా డ్రెస్సింగ్‌లో కలిపి, పళ్లెంలో వడ్డించాక పైన పేర్చండి.