జర్మనీ ఇంట్లో రాత్రి ఆకలి: నాకు కుదిరిన దారి

విద్యార్థుల మార్పిడి కార్యక్రమం కింద వెళ్లి జర్మనీలో ఒక కుటుంబంతో ఉన్నప్పుడు రాత్రి పదయ్యేసరికి నకనకలాడే ఆకలి. అక్కడ చాలా ఇళ్లలో సాయంత్రం రొట్టె, చీజ్‌తో ‘ఆబెండ్‌బ్రోట్’ అనే తేలికపాటి భోజనం మాత్రమే. రొట్టె ఎక్కువ తినడం, గదిలో బిస్కెట్లు దాచుకోవడం, మొహమాటపడి ఊరుకోవడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి ఆ ఇంటావిడను అడిగాను, శనివారం ఒక గంట వంటగది వాడుకోవచ్చా అని. సూపర్‌మార్కెట్‌లో మైసూరుపప్పు దొరికింది. కుక్కర్ లేకుండానే 20 నిమిషాల్లో ఉడికింది. ముందు కిటికీ తెరిచి, ఆ తర్వాతే పోపు వేసి, ఆవాలు చిటపటమనగానే పప్పులో కలిపి మూతపెట్టాను. పొయ్యి తుడిచాకే వడ్డించాను, మొదటి గిన్నె వాళ్లకే. ఆ తర్వాత వారంలో రెండు రాత్రులు పప్పన్నం అందరికీ. పోపు వాసన పడని ఇళ్లూ ఉండవచ్చు, ముందు అడగండి.