పాత పెళ్లి సీడీతో రేపటి తెర పాఠం

రాజోలులో ముప్పయ్యేళ్లుగా టీవీలు బాగుచేస్తున్నానండి. పిక్చర్ ట్యూబు పోయి ఎల్‌సీడీ వచ్చింది, తర్వాత ఓఎల్‌ఈడీ. ఇక రాబోయేది మెటాసర్ఫేస్ అంటున్నారు. కాంతి అల పొడవు కన్నా చిన్న స్తంభాలు వరసగా నిలబెట్టిన పలచటి పొర అది. కంటికి ఆనదు. దాని వెనకున్న సూత్రాన్ని మాత్రం ఇంట్లోనే చూడొచ్చు. సెలవుల్లో కొట్టుకొచ్చే పిల్లల చేత నేను చేయించేది ఇదే.

ముందు నెమలి ఈక తీసుకోండి. వెలుతురు పైన పడితే దాని కన్ను నీలంగా, పచ్చగా మెరుస్తుంది. అదే ఈకని కిటికీకి అడ్డంపెట్టి చూస్తే గోధుమరంగులోకి దిగిపోతుంది. ఆ నీలం పూసిన రంగు కాదండి, ఈకలోని సన్నటి కడ్డీల అమరికలోంచి పుట్టింది. వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుంది. పిల్లలకి ముందు ఈ మాట పట్టించండి, మిగతాదంతా సులువు.

ఇప్పుడు గీతలు పడ్డ పెళ్లి సీడీ ఒకటి వెతకండి. మెరిసే వైపు మనకి కనబడేలా గోడకి అంటించండి. వెడల్పాటి అట్ట మధ్యలో పెన్సిల్ పట్టేంత కన్నం చేసి, సీడీకి 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. లేబుల్ మీద 650 అని ఉన్న ఎర్ర లేజర్ లైటుని కన్నంలోంచి సూటిగా వెయ్యండి. 650 అంటే ఆ కాంతి అల పొడవు, నానోమీటర్లలో. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. ఆ వెలుగు గానీ, సీడీ మీంచి తిరిగొచ్చే వెలుగు గానీ ఎవరి కంట్లోనూ పడకూడదు. అందుకే లైటు నా చేతిలోనే ఉంచుకుంటాను.

కన్నానికి అటూ ఇటూ ఎర్రచుక్కలు పడతాయి. మొదటి చుక్క సుమారు 13 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ చుక్క నుంచి సీడీ మీద లేజర్ తగిలిన చోటికి ఏటవాలుగా కొలిస్తే 33 వస్తుంది. 650ని 33తో హెచ్చవేసి 13తో భాగించండి. 1650. సీడీ ట్రాకుల, అంటే సమాచారం రాసిన సన్నటి చాళ్ల, మధ్య అసలు దూరం 1600 నానోమీటర్లు! బడికి తీసుకెళ్లే స్కేలుతో అంత సన్నటి దూరం కొలిచామన్నమాట. డీవీడీ పెడితే చుక్క అట్ట దాటి పోతుంది. అట్టని 10 సెంటీమీటర్లకి జరపండి, 18 దగ్గర దొరుకుతుంది. దాని ట్రాకుల దూరం 740.

సీడీ మెటాసర్ఫేస్ కాదు, అది గుర్తుంచుకోవాలి. సీడీ ట్రాకులు కాంతి అల పొడవు కన్నా ఎడంగా ఉంటాయి, అందుకే వెలుగు చుక్కలుగా చీలింది. అల కన్నా దగ్గరగా స్తంభాలు పెడితే చీలదు, ఒక్కో స్తంభం దగ్గర ఒక్కోలా ఆలస్యమవుతుంది. నాట్లేసే ఆడవాళ్ల వరస చూశారుగా? ఒక కొసన బురద లోతైతే అక్కడివాళ్లు వెనకబడతారు, వరస వాలిపోతుంది. కాంతీ అలాగే వంగుతుంది. స్తంభం వెడల్పు మార్చడమంటే బురద లోతు మార్చడమే. 2016లో అమెరికా యూనివర్సిటీ హార్వర్డ్‌లో శాస్త్రవేత్త కపాసో బృందం 600 నానోమీటర్ల ఎత్తున్న టైటానియం డయాక్సైడ్ స్తంభాలతో బల్లపరుపు లెన్స్ చేసింది.

తెర సంగతికొస్తే, ఫోన్లో తెల్లబొమ్మ పెట్టి వేలికొసతో చిన్న నీటిబొట్టు వెయ్యండి. ఎరుపు, పచ్చ, నీలం గడులు కనబడతాయి. కంటికి ఆనుకునేలా తెర ఉన్న కళ్లద్దాల్లో ఈ గడులు ఇలాగే పెద్దవై కనబడతాయి, అందుకే వాటిని ఇంకా చిన్నవి చెయ్యాలి. 2020లో మరో అమెరికా యూనివర్సిటీ స్టాన్‌ఫోర్డ్, శామ్‌సంగ్ వాళ్లు అన్ని గడులకీ ఒకే తెల్ల ఓఎల్‌ఈడీ పొర వేసి, కింది అద్దం మీద స్తంభాల అమరికని గడిగడికీ మార్చారు. ఏ గడిలో ఏ రంగు బలపడాలో ఆ అమరికే తేల్చింది. అలా అంగుళానికి 10,000కి పైగా పిక్సెళ్లు సాధ్యమని చూపించారు. మంచి ఫోన్లలో ఇప్పుడున్నవి 400, 500.

గీతలు పడ్డ డీవీడీలు మా కొట్లో గుట్టగా ఉన్నాయండి. కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి.