వానాకాలం వచ్చేసింది, పీక్-పీఈఐ బ్లెండ్ (బాగా వేడి తట్టుకునే రెండు ప్లాస్టిక్‌ల మిశ్రమం) నడిపే షెడ్లవాళ్ళు ఇది చదవండి

మొన్న మా వైపు ఒక మోల్డింగ్ షెడ్డులో కరెంటు పోయి చాలాసేపటికి వచ్చింది, కుర్రాడు "ఇంకా కారట్లేదేంటి" అని నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) దగ్గరకి వంగి చూస్తుండగానే అందులో బిగుసుకున్న ముక్క గుండులా ఎగిరింది, దాని వెనకే కరిగిన మెటీరియల్, మోచేతి దాకా కాలిపోయింది. గ్లౌజులు, కళ్ళజోడు గురించి నేను చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు, వేసుకోరు అది వేరే సంగతి. నేను చెప్పేది ఒక్కటే. కరెంటు వచ్చాక నాజిల్ ముందు నిలబడొద్దు.

కారణం ఏంటంటే, పీక్ 343 డిగ్రీలకి గానీ కరగదు, మనం నడిపేది 370 పైనే. కరెంటు పోతే ముందు చల్లబడేది నాజిల్ కొస, అక్కడ బిరడా పడిపోద్ది, బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) మధ్యలో మాత్రం వేడి అలాగే ఉంటది. తిరిగి అన్ని జోన్లూ (బ్యారెల్ పొడుగునా ఉండే హీటరు భాగాలు) ఒకేసారి ఆన్ చేస్తే లోపలిది ముందు కరిగి, గ్యాస్ పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, ఆ బిరడా మెత్తబడగానే బయటికి తన్నుద్ది. అందుకే ముందు నాజిల్ హీటరు, తర్వాత ముందు జోన్, ఆఖర్న హాపర్ (మెటీరియల్ పోసే తొట్టి) వైపు.

తేమ సంగతి. మన డెల్టాలో ఈ నెలల్లో విప్పిన దానా (ప్లాస్టిక్ గింజల) సంచి తెల్లారేసరికి తేమ పట్టేస్తది, పైకేమీ తెలీదు. పీఈఐ కలిసిన దానాని 150 డిగ్రీల్లో 4 నుంచి 6 గంటలు ఆరబెట్టాలి, తేమ 0.02 శాతం లోపుకి రావాలి. "నిన్న ఆరబెట్టాంగా" అంటే కుదరదండి. తడి దానా ఆవిరై నాజిల్ దగ్గర చిటపటలాడుద్ది, అప్పుడు కూడా ముందు నిలబడొద్దు. పీసు మీద వెండి గీతలు పడ్డాయంటే అది దెబ్బకి ఆగదు, కొలతలు సరిపోయినా సరే పక్కన పడేయండి.

డై (అచ్చు) 170 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పీక్ పైపొర స్ఫటికాలుగా గట్టిపడక గోధుమరంగులో అద్దంలా వస్తది. చూడ్డానికి బానే ఉంటది, పంపులో బుష్‌గా వేస్తే వేడికి మెత్తబడి అరిగిపోద్ది. పీఈఐ పాలు పెంచేకొద్దీ ఆ గట్టిపడటం ఇంకా నెమ్మదిస్తది, డై వేడి తగ్గించి సైకిల్ టైం (ఒక్కో పీసుకి పట్టే సమయం) మిగిల్చుకుందామనుకోకండి.

ఇక మిగిలినవి, గబగబా:
అసిటాల్ (ఇంకో రకం ప్లాస్టిక్) నడిపిన మిషన్ని పాలిథిన్‌తో 200 డిగ్రీల దగ్గరే పూర్తిగా కడిగాకే వేడి పెంచండి, లేదంటే ఫార్మాల్డిహైడ్ గ్యాస్‌తో బ్యారెల్ పేలుద్ది.
పీవీసీ ముక్క కూడా దరిదాపుల్లో ఉండకూడదు.
పర్జ్ ముద్దని (బ్యారెల్ కడిగేటప్పుడు బయటికి తోసిన ప్లాస్టిక్‌ని) చేత్తో పట్టుకోవద్దు, పైన నల్లబడ్డా లోపల ఇంకా కరిగే ఉంటది.
పర్జ్ గార్డు తీసి పని చెయ్యొద్దు.
మూసుకున్న నాజిల్‌ని గ్యాస్ టార్చ్‌తో కాల్చొద్దు.
నాజిల్ ముందు నిలబడొద్దు, పక్క నుంచి తొంగి చూడొద్దు.
ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు దాటిందని వినపడితే ఆ రోజు పీక్ ఎక్కించొద్దు, కరెంటు లైను ఎప్పుడు పోద్దో ఎవరూ చెప్పలేరు.
ఓనరు ఫోన్ చేసి తొందరపెట్టినా సరే, నాజిల్‌తో సహా అన్ని జోన్లూ సెట్ టెంపరేచర్‌కి వచ్చి కాసేపు అలాగే నిలబడేదాకా స్క్రూ (బ్యారెల్‌లో మెటీరియల్‌ని ముందుకి తోసే మర) ముట్టుకోవద్దు.