బ్రౌజర్‌కి తిక్క రేగితే ముందు కంట్రోల్ కీ చూడండి

మౌస్ చక్రం తిప్పితే పేజీ కిందికి జరగకుండా అక్షరాలు గుమ్మడికాయలంత అవుతున్నాయా? లింకు నొక్కితే కొత్త ట్యాబ్ తెరుచుకుంటోందా? క్రోమ్ తీసేసి మళ్లీ వేయకండి. కంట్రోల్ కీ కిందికి ఇరుక్కుపోతే జరిగేది ఇదే.

రావులపాలెంలో మా తమ్ముడి షాపులో రెండ్రోజులు "వైరస్సే అన్నయ్యా" అని ఒకటే గోల. కీబోర్డు బోర్లించి తడితే ఆత్రేయపురం పూతరేకుల పొడి రాలింది! బెల్లం, నెయ్యి, పైగా మన డెల్టా తేమ... అంటుకోదూ మరి?

కీబోర్డులో కంట్రోల్ కీలు రెండుంటాయి. రెండూ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి వదలండి. లొంగకపోతే కీబోర్డు వైరు పీకి చూడండి. తిక్క ఆగిందంటే తప్పు దానిదే. వైరు పీకి ఉండగానే దూదిపుల్లకి కాస్త స్పిరిట్ అద్ది కీ అంచులు తుడవండి. ఉబ్బిన అక్షరాలు మామూలు సైజుకి రావాలంటే కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కితే చాలు.