డిఫెన్స్ కంపెనీ రీసెర్చ్ ల్యాబ్‌లో జాబ్ కావాలంటే ముందు మీ గంటలకి డబ్బు ఎవరిస్తారో చూడండి

అమెరికాలో పీహెచ్‌డీ చివరికొచ్చినవాళ్లు, మాస్టర్స్ తర్వాత రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి విసుగొచ్చినవాళ్లు తరచూ అడిగేది ఒకటే, లాక్‌హీడ్, రేథియాన్ లాంటి కంపెనీల్లో రీసెర్చ్ ల్యాబ్‌లు ఉంటాయట కదా, అందులోకి ఎలా వెళ్లాలి అని. వెళ్లొచ్చు, పని కూడా బాగుంటుంది, కానీ అందరూ ల్యాబ్ పేరు చూసి మొదలుపెడతారు, నన్నడిగితే మొదలు పెట్టాల్సింది అక్కడ కాదు. మీరు అక్కడ కూర్చుని పనిచేసే ప్రతి గంటకీ ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, అది ఎవరన్నదాన్ని బట్టే మీకు ఉద్యోగం వస్తుందా రాదా, పేపర్లు రాయొచ్చా, రేపు ఉంటారా ఊడతారా అన్నీ తేలతాయి.

ముందు ఈ ల్యాబ్‌లు ఏంటో చూద్దాం. పెద్ద కంపెనీకి అనుబంధంగా ఉండేవి కొన్ని. న్యూజెర్సీ చెర్రీ హిల్‌లో లాక్‌హీడ్ మార్టిన్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ ల్యాబొరేటరీస్ ఉంది, మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌లో బీబీఎన్ ఉంది (ఇంటర్నెట్‌కి పునాది అయిన ఆర్పానెట్ నెట్‌వర్క్‌కి 1969లో మొదటి ప్యాకెట్ స్విచ్‌లు కట్టింది వీళ్లే, 2009లో రేథియాన్ కొనుక్కుంది), కాలిఫోర్నియా మాలిబూలో హెచ్‌ఆర్‌ఎల్ ఉంది, దానికి బోయింగ్, జీఎం రెండూ ఓనర్లు, అది హ్యూస్ ల్యాబ్‌గా ఉన్న రోజుల్లోనే 1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. బీఏఈ వాళ్లకి ఫాస్ట్ ల్యాబ్స్ ఉంది. ఇవి కాకుండా మేరీల్యాండ్‌లో జాన్స్ హాప్కిన్స్ ఏపీఎల్, మసాచుసెట్స్‌లో ఎంఐటీ లింకన్ ల్యాబ్, డ్రేపర్ లాంటివి ఉన్నాయి, అవి లాభాపేక్ష లేని సంస్థలు, పని దాదాపు అలాంటిదే అయినా డబ్బొచ్చే దారి వేరు. అప్లై చేసేటప్పుడు రెండు రకాలూ చూడండి, కంపెనీ ల్యాబ్ ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వం రక్షణ పరిశోధనకిచ్చే డబ్బుకి నంబర్లుంటాయి, 6.1 అంటే బేసిక్ రీసెర్చ్, 6.2 అంటే అప్లైడ్, 6.3 అంటే దాన్ని నిజంగా ఒక ప్రోటోటైప్‌గా చేసి బయట పరీక్షించి చూపించడం. 6.1లో ఎక్కువ వాటా యూనివర్సిటీలకే పోతుంది, కంపెనీ ల్యాబ్‌లు బతికేది ముఖ్యంగా 6.2, 6.3 మీద. దీనికి తోడు కంపెనీ తన సొంత డబ్బు కొంత పరిశోధనకి పెడుతుంది, దాన్ని అందరూ ఐరాడ్ అంటారు. అంటే యూనివర్సిటీలో లాగా మీకు తోచిన ప్రశ్న పట్టుకుని ఐదేళ్లు తవ్వుకుందామంటే కుదరదు, డార్పా (రక్షణ శాఖ తరఫున పరిశోధనలకి డబ్బిచ్చే సంస్థ) లాంటి ఆఫీసు ఒక ప్రశ్న అడుగుతుంది, ఇన్ని నెలల్లో ఈ కొలతకి చేరాలి, చేరకపోతే తర్వాతి ఫేజ్ లేదు అంటుంది, మీరు దానికి జవాబు కడతారు. కొంతమందికి ఇది ఊపిరాడనట్టు ఉంటుంది, కొంతమందికి థీసిస్ తర్వాత ఇదే హాయి, ఎందుకంటే పని ఎప్పుడు అయిపోయిందో స్పష్టంగా తెలుస్తుంది. మీరు ఏ రకమో నిజాయితీగా తేల్చుకోండి.

తర్వాత వీసా. ఇక్కడ మనవాళ్లలో చాలామందికి దారి మూసుకుపోతుంది, ముందే తెలిస్తే టైమ్ మిగులుతుంది. రెండు వేర్వేరు గేట్లున్నాయి, అందరూ కలిపేస్తారు. ఒకటి ఐటార్, అంటే ఆయుధాలకి సంబంధించిన టెక్నికల్ సమాచారం విదేశీయుల చేతికి పోకుండా చూసే రూల్. దీని ప్రకారం "యూఎస్ పర్సన్" అంటే సిటిజన్ ఒక్కరే కాదు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు, శరణార్థిగా గానీ అసైలం మీద గానీ ఉన్నవాళ్లు కూడా వస్తారు. ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బీ వాళ్లు రారు, వాళ్లకి ఆ డ్రాయింగ్ చూపించాలంటే అమెరికా గడ్డ మీద ఉన్నా సరే లైసెన్స్ తీసుకోవాలి, ఏ మేనేజరూ కొత్త జాయినీ కోసం అంత తంటా పడడు. రెండోది సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య (క్లాసిఫైడ్) సమాచారం చూడటానికిచ్చే అనుమతి, దానికి మాత్రం సిటిజన్ అయ్యే ఉండాలి. కాబట్టి గ్రీన్‌కార్డ్ ఉంటే ఐటార్ పనులకి అప్లై చెయ్యొచ్చు, కేవలం ఐటార్ పేరు చెప్పి సిటిజన్లే కావాలని పోస్టింగ్ పెడితే అది చట్టం ప్రకారం తప్పు కూడా. హెచ్-1బీలో ఉన్నవాళ్లు ప్రస్తుతానికి యూనివర్సిటీలోనే 6.1 ప్రాజెక్టుల మీద పనిచేస్తూ ఉండటం మంచిది, అలాంటి కొన్ని ప్రాజెక్టుల్లో ఈ ల్యాబ్‌లవాళ్లు పార్ట్‌నర్లుగా ఉంటారు, రివ్యూ కాల్స్‌లో మీ పని చూస్తారు, రేపు స్టేటస్ మారినప్పుడు మీ పేరు వాళ్లకి తెలిసే ఉంటుంది.

క్లియరెన్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని మీద పుకార్లు ఎక్కువ. మీ అంతట మీరు అప్లై చేసుకునేది కాదు ఇది, కంపెనీ స్పాన్సర్ చెయ్యాలి. అందుకే పోస్టింగ్‌లో "యాక్టివ్ క్లియరెన్స్ ఉండాలి" అంటే ఇప్పటికే ఉన్నవాళ్లకి, "పొందగలిగి ఉండాలి" అంటే మీకు కూడా, ఈ తేడా చూసుకోండి. స్పాన్సర్ చేశాక ఎస్‌ఎఫ్-86 అనే ఫారం నింపాలి, నూరు పేజీలు దాటుతుంది, పెళ్లి సంబంధానికి చేసే ఎంక్వైరీ దీని ముందు దిగదుడుపు. పదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నారు, గత మూడేళ్లలో ఉన్నచోట్ల మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరు, ఏడేళ్లలో ఏ దేశాలు తిరిగారు, అమ్మానాన్న, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, అత్తమామలు ఎక్కడ పుట్టారు, ఏ దేశ పౌరులు, అన్నీ రాయాలి. విదేశంలో మీ పేరు మీద గానీ మీ ఆవిడ లేదా ఆయన పేరు మీద గానీ స్థలం, ఫ్లాట్, బ్యాంక్ అకౌంట్ ఉంటే రాయాలి. ఇంకోటి చాలామంది మర్చిపోతారు, విదేశీ పౌరులకి డబ్బు సాయం చేశారా అని కూడా అడుగుతుంది, అంటే మీరు నెలనెలా అమ్మానాన్నలకి పంపే డబ్బు కూడా అక్కడికి వస్తుంది.

దీంతో భయపడి మనకి రాదులే అని వదిలేసేవాళ్లు ఉన్నారు, అది తొందరపాటు. తల్లిదండ్రులు ఇండియాలో ఉండటం, ఊళ్లో పొలం ఉండటం వీటివల్ల నేరుగా కాదనరు, మొత్తం మనిషిని, పరిస్థితిని చూసి తూకం వేస్తారు. నిజంగా దెబ్బకొట్టేది దాచడం. చిన్న విషయం రాయకుండా వదిలేస్తే అది దొరికినప్పుడు విషయం కన్నా దాచడమే పెద్దదవుతుంది. గంజాయి సంగతి కూడా అంతే, మీ స్టేట్‌లో లీగల్ అయినా ఫెడరల్ చట్టంలో కాదు, వీళ్లకి ఫెడరలే లెక్క. అప్పులు, కట్టని ట్యాక్సులు కూడా చూస్తారు. అందుకని జాబ్ వెతకడం మొదలెట్టిన రోజే ఒక ఫైల్ పెట్టుకుని పాత అడ్రస్‌లు తేదీలతో సహా, పాస్‌పోర్ట్ స్టాంపుల ప్రకారం ప్రయాణాలు, కొత్తగా సిటిజన్ అయ్యుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసిన సర్టిఫికెట్ కాపీ అన్నీ అందులో వేసుకోండి. ఓసీఐ కార్డ్ ఉంటే అదీ దాచకుండా చెప్పండి, ఎక్కడ ఎలా రాయాలో కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడిగితే చెబుతారు. క్లియరెన్స్ వచ్చాక కూడా సొంత పనిమీద విదేశానికి వెళ్లాలంటే ముందే చెప్పి వెళ్లాలి, క్లియరెన్స్ ఉన్నంతకాలం ఇది తప్పదు.

ఇప్పుడు అసలు జాబ్ ఎలా పట్టాలి. కెరీర్ పేజీలో రెజ్యూమె పడేసి కూర్చుంటే ఎక్కువసార్లు ఏమీ జరగదు. డార్పా, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రీసెర్చ్ ఆఫీసులు తమకేం కావాలో బీఏఏ అనే ప్రకటనల్లో బహిరంగంగానే పెడతాయి, సామ్ డాట్ గవ్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మీ ఫీల్డ్‌కి దగ్గరగా ఉన్న రెండు మూడు చదవండి, ఆ ప్రోగ్రామ్ ఎవరు గెలిచారో తర్వాత ప్రెస్ నోట్లలో, పేపర్ల చివర ఉండే కృతజ్ఞతల పేరాలో కాంట్రాక్ట్ నంబర్‌తో సహా కనిపిస్తుంది. అలా పట్టుకున్న పేపర్ రచయితకి చిన్న మెయిల్ రాయండి, "మీ ఫలానా పేపర్‌లో సెన్సర్ డ్రిఫ్ట్‌ని ఇలా సరిచేశారు కదా, నా థీసిస్‌లో అదే సమస్య వేరేలా చేశాను, మీ గ్రూప్‌లో మనుషుల్ని తీసుకుంటున్నారా" ఇంతే, నాలుగు లైన్లు చాలు. గెలిచిన కొత్తలోనే వాళ్లకి మనుషులు కావాలి, ఎందుకంటే ప్రపోజల్‌లో ఇంతమంది పనిచేస్తారని రాసేసి ఉంటారు, ఆ కుర్చీలు నింపాలి. స్టూడెంట్స్ అయితే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి ముందు ఏడాది ఫాల్‌లోనే అప్లై చెయ్యాలి, క్లియరెన్స్ అవసరమయ్యే చోట్ల అంతకంటే ఆలస్యమైతే కుదరదు.

రెజ్యూమెలో పేపర్ల లిస్ట్ కన్నా "నేను కట్టింది నిజంగా పనిచేసింది" అనే లైన్ పైకి రావాలి. సిమ్యులేషన్ వరకే ఆగిందా, హార్డ్‌వేర్ మీద నడిచిందా, బయట ఎండలో వానలో పెట్టి చూశారా, ఎంత డేటా మీద, ఎక్కడ ఫెయిల్ అయింది, ఇవి రాయండి. వీళ్లు మాట్లాడే భాష టీఆర్‌ఎల్, 1 నుంచి 9 దాకా ఒక స్కేల్, 1 అంటే కాగితం మీద ఐడియా, 9 అంటే నిజమైన వాడకంలో నిరూపించినది, ల్యాబ్‌ల పని ఎక్కువగా మధ్యలో ఉంటుంది. మీ థీసిస్ ఎక్కడుందో మీరే చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే. పీహెచ్‌డీ వాళ్లకి గంటసేపు టాక్ ఉంటుంది, అందులో ఫార్ములాలు తగ్గించి, 1970ల్లో డార్పాకి డైరెక్టర్‌గా చేసిన జార్జ్ హైల్‌మైయర్ పెట్టిపోయిన ప్రశ్నలకి జవాబు ఉండేలా చూసుకోండి: ఏం చేద్దామనుకుంటున్నావు, జార్గన్ లేకుండా చెప్పు, ఇవాళ జనం ఎలా చేస్తున్నారు, నీ దాంట్లో కొత్తేంటి, అయితే ఎవరికి ఉపయోగం, ఎంత ఖర్చు, ఎంతకాలం, మధ్యలో చివర్లో ఎలా పరీక్షిస్తావు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తమ ప్రపోజల్‌లు ఇవే ప్రశ్నలకి రాస్తుంటారు, అందుకే చెవికి ఇంపుగా ఉంటుంది.

మీ వంతు వచ్చినప్పుడు మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి. నేను చేరితే మొదటి ఏడాది నా గంటలు ఏ ప్రోగ్రామ్ మీద పడతాయి, ఆ ప్రోగ్రామ్ ఇంకా ఎన్నాళ్లుంది, తర్వాతి ఫేజ్ రాకపోతే నన్ను ఎక్కడ పెడతారు, ఐరాడ్ డబ్బు ఎవరు పంచుతారు, కొత్తవాళ్లకి దొరుకుతుందా. ఇవి అడిగితే మేనేజర్ మొహంలోనే తెలిసిపోతుంది. "చూద్దాం, ఏదో ఒకటి ఉంటుంది" అంటే కాస్త జాగ్రత్త. "మీకు ఇందులో ముప్పావు, అందులో పావు" అని లెక్క చెప్పాడంటే వాడికి పని ఉంది.

చేరాక మొదట ఆశ్చర్యపరిచేది టైమ్‌షీట్. రోజూ, అవును రోజూ, ఏ ఛార్జ్ నంబర్ (ఒక్కో ప్రాజెక్ట్‌కి ఇచ్చే లెక్కల నంబర్) మీద ఎన్ని గంటలు పనిచేశారో నింపాలి, ఎందుకంటే చాలా కాంట్రాక్టుల్లో ప్రభుత్వం ఆ గంటల లెక్క మీదే డబ్బు కడుతుంది, డీసీఏఏ అని రక్షణ శాఖ ఆడిటర్లు వచ్చి చూస్తారు. మేనేజర్ చెప్పాడని ఒక ప్రాజెక్ట్ గంటలు ఇంకో ప్రాజెక్ట్ మీద వేస్తే అది ప్రభుత్వాన్ని మోసం చేసినట్టు లెక్క, ఉద్యోగం పోయే పని, ఎవరు చెప్పినా చెయ్యొద్దు. చాలాచోట్ల రెండు వారాల 80 గంటల్ని 9 రోజుల్లో ముగించి ఒక శుక్రవారం సెలవిస్తారు, అది మాత్రం బాగుంటుంది. క్లాసిఫైడ్ గదిలోకి వెళ్తే ఫోన్, స్మార్ట్‌వాచ్ బయట పెట్టెలో పెట్టి వెళ్లాలి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకోండి, పగలంతా ఎత్తకపోతే కంగారు పడతారు.

పేపర్లు వెయ్యొచ్చు, కానీ ముందు పబ్లిక్ రిలీజ్ రివ్యూ దాటాలి. కంపెనీ చూస్తుంది, తర్వాత డబ్బిచ్చిన ఆఫీసు చూస్తుంది, దానికి వారాలు పట్టొచ్చు, కాన్ఫరెన్స్ డెడ్‌లైన్ ఎల్లుండి ఉంటే వాళ్లకేం పట్టదు. డ్రాఫ్ట్ ముందే తయారుగా పెట్టుకోవడం ఒక్కటే దారి. ప్రొఫెసర్‌గా తిరిగి వెళ్లాలనే ఆలోచన ఉంటే ఓపెన్ ప్రోగ్రామ్‌లు ఎక్కువ ఉన్న గ్రూప్‌లోనే చేరండి, మొత్తం క్లాసిఫైడ్ పనిలో ఆరేళ్లుంటే బయటికొచ్చాక చూపించడానికి ఏమీ మిగలదు, ఏం చేశావంటే నవ్వి ఊరుకోవాలి.

పైకి ఎదగడం అంటే ఇక్కడ ప్రపోజల్ రాయగలగడం. కోడ్ బాగా రాసేవాళ్లని బాగానే చూసుకుంటారు, కానీ డబ్బు తెచ్చేవాళ్ల మాట వింటారు. మొదటి ఏడాదే ఎవరైనా సీనియర్ దగ్గర ఒక ప్రపోజల్‌లో టెక్నికల్ సెక్షన్ రాస్తానని అడగండి, పేజీ లిమిట్లు, ఖర్చు లెక్కలు, యూనివర్సిటీ పార్ట్‌నర్లని ఒప్పించడం అంతా దగ్గర్నుంచి చూస్తారు. ఎక్కువ శాతం గెలవవు, అది మామూలే, రాసిన సెక్షన్ ఇంకో ప్రపోజల్‌లో పనికొస్తుంది.

ఇంకో మాట, చేతిలో పడే పని ఎలాంటిదైనా కావచ్చు. శత్రువు జామ్ చేసినా ఆగని రేడియో కావచ్చు, గాయపడ్డ సైనికుడికి సాయపడే పరికరం కావచ్చు, టార్గెట్‌ని గుర్తుపట్టే అల్గారిథం కావచ్చు. ఏది చేస్తారు ఏది చెయ్యరు అన్నది చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, ఇంటర్వ్యూలో మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు, చేరాక ప్రాజెక్ట్ మధ్యలో చెబితే అందరికీ ఇబ్బంది.

చివరగా ఆఫర్ లెటర్. అందులో క్లియరెన్స్ వస్తేనే అని షరతు ఉందేమో చూడండి. ఉంటే, ఎప్పటికొస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, నెలలు పట్టొచ్చు, ఇంటరిమ్ (తాత్కాలిక క్లియరెన్స్) వస్తే త్వరగా చేరతారు, రాకపోతే ఆగాలి. ఆలోగా అన్‌క్లాసిఫైడ్ పని మీద పెట్టి జీతం ఇస్తారా, లేక వచ్చేదాకా చేరనివ్వరా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, జాయినింగ్ తేదీ ఖాయమై చేతికొచ్చేదాకా ఉన్న జాబ్‌కి రాజీనామా పెట్టకండి.